కట్టిన చెయ్యే విప్పాల

గూడూరులో రైలు కదిలినప్పటి నుంచి సబీనా తన కుడిచేతి చూపుడువేలి గోరును ఎడమచేత్తో నొక్కుతూ వదులుతూ ఉంది. నొక్కితే గోరు తెల్లబడాలి, వదిలితే వెంటనే ఎర్రబడాలి. ఎముకల వార్డులో కట్టు వేసిన ప్రతి చేతికీ, ప్రతి కాలికీ ఆమె రోజూ చేసే పని ఇదే, నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తుంది. ఎర్రబడుతోంది. ఎర్రబడుతున్నట్టే ఉంది. కానీ ఆ ఎరుపు నెత్తురుదేనా, లేక కిటికీలోంచి పడే పొద్దుటి ఎండదా, ఎదుటి సీట్లో ఆవిడ కట్టుకున్న ఎర్రచీర నీడా? మోచేతి కింద నుంచి అరచేతి దాకా నాటుకట్టు. మినప్పిండీ, కోడిగుడ్డు తెల్లసొనా, ఏవో ఆకుల పసరూ కలిపి పట్టించి, పైన వెదురుబద్దలు పేర్చి, పాత నూలుచీర పేలికతో బిగించినది. రాత్రి తడిగా, చల్లగా, హాయిగానే ఉంది. తెల్లారేసరికి ఎండి పెంకులా బిగిసింది. దాన్ని చున్నీ కింద దాచుకుని కూర్చుంది. ఇంకో గంటకు నెల్లూరు. నెల్లూరులో ఒక హాలు, ముందు వరసలో పెద్ద పెద్ద డాక్టర్లు, ఆరోగ్యశాఖ అధికారులు, మైకు పక్కన వాణి మేడం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఎముకల విభాగంలో రెండో ఏడు పీజీ చదువుతున్న డాక్టర్ సబీనా ఆ ఐదు నిమిషాల్లో చెప్పబోయేది ఏమిటంటే, ఈ నాటుకట్లు జిల్లాలో ఎక్కడా ఉండకూడదని, కట్టేవాళ్ళందరి చేతా మాన్పించాలని. నవ్వు వచ్చింది. అంతలోనే ఆగిపోయింది, ఎందుకంటే చిటికెనవేలు తనదో కాదో తెలియడం లేదు.

పాలసీ అనే మాటే మొదటి నుంచీ ఆమెను తికమక పెట్టింది. ఎముకల డాక్టర్లకూ పీజీలకూ ఆరోగ్య విధానాల మీద ఏడాది ఫెలోషిప్, వారానికో సాయంత్రం తెర మీద పాఠం, ఆఖరున ఎవరి అంశం వాళ్ళు పెద్దల ముందు నిలబడి చెప్పాలి అని నోటీసు బోర్డులో చూసి పేరిచ్చింది. ఎంపికైన రోజు సొంతూరు దొరవారిసత్రానికి ఫోను చేసి, హెల్త్ పాలసీ ట్రైనింగ్ వచ్చిందమ్మా అని చెబితే, అమ్మ సుల్తాన్‌బీ, "డాక్టరు జదివి పాలసీలు కట్టించేదేంది మే? ఆ పని మన వీధిలో బెన్హరు చేస్తుండాడు కదా, ఇంటింటికీ తిరిగి" అంది. అది కాదమ్మా, ఇది వేరే పాలసీ అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. వారం తిరక్కుండా అమ్మ ఆ వీధిలో నలుగురిని కూడగట్టింది, బెన్హరు దగ్గర ఎందుకు, కడితే మా బిడ్డ దగ్గరే కట్టండి అని. పరుపులు కుట్టే నాయన అమీర్ బాషా, దూది నలకలు మీసాల మీద ఉండగానే ఫోను అందుకుని, "నాదొకటి రాసుకో అమ్మా, బోణీ నాదే" అన్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ తనది. ఆ డిగ్రీకి ఏ పేరు పెడితే ఆ పేరుకు తలూపే మనుషులు వాళ్ళు. వాళ్ళకు సర్దిచెప్పలేకపోయింది కదా, తనకైనా తెలుసా? పాలసీ కడతారు, కట్టు కడతారు, ఫీజు కడతారు, ఇల్లు కడతారు. మన భాషలో కట్టని పనే లేదు. ఫెలోషిప్ నడిపే వాణి మేడం మొదటి క్లాసులో, ఒక్క రోగికి చేస్తే వైద్యం, అందరికీ ఒకేసారి చేస్తే విధానం అన్నారు. బాగుందని రాసుకుంది. మరి ఇప్పుడు ఈ చెయ్యి ఒక్క చెయ్యా, అందరి చెయ్యా?

చిటికెనవేలు వంచి చూసింది. వంగింది. వంచుతుంటే లోపల ఏదో లాగినట్టు నొప్పి. ఆ నొప్పి ఎముకదా, కట్టుదా? రెండింటికీ మందు వేరు. ఎముక నొప్పి అయితే ఓర్చుకోవాలి. కట్టు నొప్పి అయితే ఓర్చుకోకూడదు, ఓర్చుకున్నవాళ్ళ చెయ్యి దక్కదు. ఇది పిల్లడైనా చెప్పగలిగే తేడా అని జూనియర్లకు పాఠం చెప్పింది, రెండు గీతలు గీసి మరీ చెప్పింది. తన చేతి విషయంలో ఆ తేడా ఏ గీతకు అటు ఉందో, ఏ గీతకు ఇటు ఉందో అంతుబట్టలేదు.

"ఎవురు కట్టినారు మ్మా?" ఎర్రచీర ఆవిడ అడిగింది. సీటు కింద, కాళ్ళ మధ్య, నడవలో నిమ్మకాయల సంచులు. బోగీ అంతా నిమ్మవాసన. చున్నీ ఎప్పుడు జారిందో.

"మా ఊళ్ళో తాత."

"బాగా కట్టినాడు. బద్దలు సరిగ్గా వచ్చినాయి. నా మోకాలికి ఇట్నే కడితే నాలుగు నెల్లు అట్నే రైలు ఎక్కి దిగినా." ఆవిడ మోకాలు తట్టి చూపించింది. "యాడ పడినావు?"

పరుపు మీద, అని చెప్పాలి, చెబితే నవ్వుతారు. నిన్న సాయంత్రం నాయన అటక మీదున్న దూది బేలు దించబోతుంటే, నీకు నడుం నొప్పి, దిగు నేను దించుతా అని పీట ఎక్కింది. బేలు వచ్చింది, దాని వెంబడి తనూ వచ్చింది. దూది మీద పడి ఉంటే ఏమీ కాకపోను. సరిగ్గా దూదికి అవతల, చెయ్యి ఆనించి పడింది. పడగానే డాక్టరు లేచింది ముందు, మనిషి తర్వాత. బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొక్కి చూసుకుంది, నొప్పి, అక్కడ చిన్న ఎముక ఉంటుంది, ఎక్స్‌రేలో కూడా మొదట దొరకదు. నాయుడుపేటలో ఎక్స్‌రే ఉంది కానీ ఆదివారం. పొద్దున రైలుకు ఎలాగూ నెల్లూరు పోతుంది కదా, అక్కడే తీయించుకోవచ్చు. అట్టముక్క పెట్టి గుడ్డ చుట్టుకుంటే చాలు. ఇవన్నీ అనుకుంటూ ఉండగానే అమ్మ పోయి హెబ్రోను తాతను పిలుచుకొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ వీధిలో ఏ చెయ్యి బెణికినా, ఏ కాలు తిరిగినా ఆ ముసలాయనే. ఆదివారం చర్చి నుంచి వచ్చిన తెల్లచొక్కా విప్పి కొయ్యకు తగిలించి, బనీనుతో కూర్చుని పిండి కలిపాడు. వద్దు తాతా అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదు? నెల్లూరులో తను డాక్టరు, ఆ వాకిట్లో పరుపుల బాషా కూతురు, అందుకా? లేక ఏడాది పాటు ఈ కట్టు గురించి చదివాను కదా, ఒక్కసారి లోపలి నుంచి చూద్దామనా? ఆయన వేళ్ళు చేతి మీద నడుస్తుంటే, పట్టుకున్నది ఎవరో తెలిసిన చెయ్యి అనిపించి, అందుకా? "యేసయ్యా, ఈ బిడ్డ చెయ్యి నీ చేతిలో పెడుతుండా" అని ఆయన కళ్ళు మూసుకుంటే, పక్కన అమ్మ బిస్మిల్లా అనుకుంది. పేలిక ఆఖరి ముడి వేసి ఆయన అన్నాడు, "పాపా, కట్టిన చెయ్యే విప్పాల. నేనొచ్చి విప్పిందాకా ఎవురూ తాకగూడదు." ఆ మాట ఆయనది కాదు, ఆ వైపు ఊళ్ళన్నిటిదీ. మధ్యలో వేరే చెయ్యి పడితే కట్టు వికటిస్తుందని, విప్పినవాళ్ళ వంటికే ఆ నొప్పి వస్తుందని. తెల్లారుజామున రైలుకు బయల్దేరుతుంటే అమ్మ గడపలో నిలబడి, "నా మీద ఒట్టు, హెబ్రోను తాత విప్పిందాకా ఇప్పొద్దు" అంది. తలూపింది. అమ్మకు తలూపడం, పరీక్ష రాయడం, ఈ రెండూ తనకు బాగా వచ్చు.

మనుబోలు దాటింది. ఇటు పొలాలు, అటు పొలాలు, మధ్యలో నీళ్ళు నిలిచిన గుంటల్లో కొంగలు. తన వార్డులో పేషెంటు మగ్దలీనమ్మ ఆస్పత్రికి ఇలాంటి రైల్లోనే వచ్చిందా? లేదు, ఆమెను ఆటోలో తెచ్చారు. పులికాట్ ఒడ్డున చేపలమ్ముకునే మనిషి, బండ మీద జారి ముంజెయ్యి విరిగితే అక్కడెవరో కట్టు కట్టారు. ఆ కట్టినాయన కూతురి కాన్పుకని కావలి పోయాడు. చెయ్యి ఉబ్బింది. విప్పండయ్యా అని ఆమె ఇల్లిల్లూ అడిగింది. కట్టిన చెయ్యే విప్పాల, వస్తాడులే, ఓర్చుకో అన్నారు. ఓర్చుకుంది. ఆయన వచ్చేసరికి, తర్వాత ఆస్పత్రికి తెచ్చేసరికి, వేళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి. చెయ్యి తీసెయ్యాల్సి వచ్చింది. ఆపరేషన్‌లో ఆ చేతిని పట్టుకుని నిలబడింది సబీనాయే. ఆఖరున ఆ చెయ్యి సబీనా చేతుల్లోనే మిగిలింది. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. మర్నాడు మగ్దలీనమ్మ అన్నది ఒకటే మాట, "ఇప్పేదానికి నాకొక మనిషి దొరకలేదమ్మా." ఆ వారమే సబీనా తన అంశం రాసుకుంది, నాటుకట్ల నిషేధం అని. వాణి మేడం బాగుందన్నారు. తనకూ బాగుంది. తప్పు ఎక్కడుందో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కళ్ళకు కట్టినట్టు, అదీ కట్టే.

తర్వాతే మొదలైంది తికమక. ఒక సాయంత్రం తెర మీదకు విదేశం నుంచి ఒక ఆస్టియోపతి డాక్టరు వచ్చాడు. చేతులతో ఎముకల్నీ కండరాల్నీ సరిచేసే పద్ధతి, అక్కడ ఆ చదువు చదివినవాళ్ళు పూర్తి డాక్టర్లే. ఆయన నవ్వుతూ, ఒకప్పుడు మా వాళ్ళను ఎముకలు సర్దేవాళ్ళని ఎగతాళి చేసేవారు, మమ్మల్ని లోపలికి రానిచ్చిన రోజున మాకు నియమాలు వచ్చాయి, బయట ఉన్నంతకాలం మా తప్పులు లెక్కించే దిక్కు కూడా లేదు అన్నాడు. ఆ మాట విని సబీనాకు ఎందుకో హెబ్రోను తాత తెల్లచొక్కా గుర్తొచ్చింది. హెబ్రోను తాతకు చదువు పెడితే ఏమవుతాడు? డాక్టరు కాడు. పెట్టకపోతే కట్టకుండా ఉంటాడా? ఉండడు. తాతను మాన్పిస్తే ఆదివారం సాయంత్రం దొరవారిసత్రంలో విరిగిన చెయ్యి ఎక్కడికి పోతుంది? ఇంకా గజిబిజి ఏమిటంటే, ఆస్పత్రిలో మాత్రం? ఆస్పత్రివాళ్ళే వేసిన పిండికట్టుతో రాత్రిపూట ఎవరైనా వస్తే, చెయ్యి బిగుతుగా ఉందయ్యా అంటే, ముందు అడిగే ప్రశ్న ఏమిటి? ఏ యూనిట్ వాళ్ళు వేశారు? రెండో యూనిట్ అయితే రెండో యూనిట్ వాళ్ళనే పిలవండి, వాళ్ళ కేసు మనం ముట్టుకుంటే రేపు మాటొస్తుంది. సీనియర్లందరూ అలాగే అంటారు. అదేమిటి మరి? అదీ ఇదే సామెత కాదూ, తెల్లకోటు వేసుకున్నది? ఈ ఆలోచన ఇంతకు ముందెప్పుడూ రాలేదు. ఇప్పుడెందుకు వచ్చింది, చెయ్యి మొద్దుబారినందుకా? మొద్దుబారిన చెయ్యి ఆలోచించేది నమ్మవచ్చా?

గోరు నొక్కింది. తెల్లబడింది. వదిలింది. తెల్లగానే ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. ఆ తర్వాతెప్పుడో, ఇష్టం లేనట్టు, కొంచెం ఎరుపు.

ఇక ఇది ఎండ కాదు. చీర నీడ కాదు. వేలి కొనను బుగ్గకు ఆనించుకుంది, చల్లగా ఉంది, ఎవరి వేలో ఆనినట్టు. సంచిలో చెయ్యి పెట్టి వార్డులో వాడే మొద్దుమొన కత్తెర తీసింది. ఎడమచేత్తో పట్టుకుని పేలిక అంచు మీద పెట్టింది. ఆడలేదు. కుడిచేతి కత్తెర ఎడమచేతికి లొంగదు, అది బట్టను నలుపుతుందే గాని తెంచదు. తనకు తెలియని చదువా ఇది?

"అక్కా, కొంచెం కత్తిరిస్తావా? కట్టు బిగిసిపోయింది. నెత్తురు ఆడట్లేదు."

ఎర్రచీర ఆవిడ కత్తెర చూసి వెనక్కు జరిగింది. "అమ్మో, నేనా? కట్టినాయన విప్పాల గానీ."

"నేను డాక్టర్ని అక్కా. నేను చెప్తున్నా కదా."

"డాక్టరువా?" ఆవిడ కట్టును చూసింది, సబీనాను చూసింది, మళ్ళీ కట్టును చూసింది. "డాక్టరువై ఉండి ఇది కట్టించుకున్నావా?"

ఈ ప్రశ్నే హాల్లో అడుగుతారు, సరిగ్గా ఇదే, ఇంగ్లీషులో. పక్క సీట్లో పేపరు చదువుతున్నాయన పేపరు మడిచి, "నెల్లూరు వచ్చేస్తుందిలేమ్మా, అర్ధగంట ఓర్చుకో" అన్నాడు. ఓర్చుకో. మగ్దలీనమ్మకు ఎన్ని గొంతులు ఈ మాట చెప్పి ఉంటాయి, అందరూ మంచివాళ్ళే, అందరూ ఆమె మేలు కోరినవాళ్ళే. అర్ధగంటే కదా. స్టేషన్‌లో దిగితే ఆస్పత్రి, ఆస్పత్రిలో తన యూనిట్టే. అర్ధగంటలో చెయ్యి పోదు, పుస్తకం అదే చెబుతుంది. కానీ రాత్రి ఎప్పటి నుంచి బిగుసుకుందో పుస్తకానికి తెలియదు కదా, నిద్రపోయింది కదా తను.

ఇంటికి ఫోను చేసింది.

"పాలసీవోళ్ళు ఒప్పుకున్నారా?" అంది అమ్మ.

"అమ్మా, హెబ్రోను తాత దగ్గరికి పో. ఫోను ఇయ్యి."

"ఈడనే ఉండాడు. కట్టు చూసేదానికొచ్చి, చెయ్యేదీ అంటుండాడు. టీ తాగుతుండాడు." కట్టిన మర్నాడు వచ్చి చూసిపోవడం ఆయన పద్ధతి. ఆయన వచ్చాడు. చూడాల్సిన చెయ్యి రైల్లో పోతోంది. ఆ సంగతి సబీనాకు అప్పుడే తట్టింది, రాత్రి తనను పొమ్మన్నవాళ్ళూ లేరు, ఉండమన్నవాళ్ళూ లేరు.

"తాతా, బిగిసింది. వేళ్ళు చల్లబడినాయి."

అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. "నల్లబడినాయా?"

"లేదు. తెల్లగా."

"నాయుడుపేటలో దిగి వెనక్కి రా పాపా, విప్పుతా."

"నాయుడుపేట ఎప్పుడో దాటిపోయింది తాతా. పక్కన ఒకక్క ఉంది. కత్తెర ఉంది. నువ్వు చెప్తే విప్పుతుంది."

"ఫోనులో ఇప్పేదా?" ఆ గొంతులో తికమకకు సబీనాకు తన గొంతే విన్నట్టయింది. "నేనెప్పుడూ అట్ట చెయ్యలేదే. మా నాయన కూడా చెయ్యలేదు." వెనక అమ్మ ఏదో గొణుగుతోంది. "ఆయమ్మకియ్యి ఫోను."

స్పీకరు పెట్టి ఎదుటివైపు చాచింది. "పేరేందమ్మా?" అన్నాడు హెబ్రోను. "రోజా" అంది ఆవిడ, పెళ్ళిచూపుల్లో చెప్పినట్టు. "యా ఊరు?" "గూడూరు, నిమ్మకాయల మార్కెట్టు కాడ." "యేసయ్యలో రక్షణ పొందినావా?" "నేను శనివారం శనివారం గుడికి పోతా తాతా." "ఏం కాదులే. కడిగిన చెయ్యేనా?" రోజా సీసాలో నీళ్ళు కిటికీలోంచి చేతుల మీద ఒంపుకుంది, కొంగుకు తుడుచుకుంది. పేపరాయన వంగి వింటున్నాడు. నిమ్మసంచుల మీద కూర్చున్న ఇద్దరు ముసలోళ్ళు లేచి వచ్చారు. "అయితే విను రోజమ్మా" అన్నాడు హెబ్రోను, ప్రార్థనకు ముందు గొంతు సవరించుకున్నట్టు సవరించుకుని, "నా చెయ్యి..."

ఫోను తెగిపోయింది. సబీనా మళ్ళీ చేసింది. తగల్లేదు. మళ్ళీ చేసింది. సిగ్నల్ లేదు.

"ఏమన్నాడు?" అన్నాడు పేపరాయన.

"నా చెయ్యి అన్నాడు."

"నా చెయ్యి నీకిస్తుండా అన్నాడా, నా చెయ్యి లేకుండా ముట్టద్దు అన్నాడా?"

అందరూ సబీనా వైపు చూశారు. ఇచ్చినాడు అని ఒక్క అబద్ధం చెబితే అయిపోతుంది. నోరు తెరిచింది. నిజంగానే ఏమన్నాడో తెలియదు కదా, అబద్ధం కూడా కాదేమో. నా చెయ్యి. ఎవరి చెయ్యి? ఇది ఆయన కట్టిన చెయ్యి, తన చెయ్యి, పుస్తకాల చెయ్యి, మగ్దలీనమ్మది తన చేతుల్లో మిగిలిన చెయ్యి. "నాకు వినబడలేదు" అంది.

రోజా సబీనా వేళ్ళు పట్టుకుంది. పట్టుకుని ఉలిక్కిపడింది. "అయ్యో, ఐసులాగుండాదే" అంది. ఇక దేన్నీ అడగలేదు. కత్తెర తీసుకుంది.

"వద్దులేమ్మా, రేపు ఏదన్నా అయితే నీ మీదికొస్తాది" అన్నాడు పేపరాయన.

"వస్తే రానీ అన్నా. ఎవురన్నా అడిగితే రోజా ఇప్పిందని చెప్పండి. ఆ తాత అడిగితే నేనే పోయి చెప్పుకుంటా."

బొటనవేలి వైపు నుంచి మొదలుపెట్టు, లోపలికి పొడవకు, చర్మానికి ఆనించి పైకి లేపుతూ కొయ్యి అని సబీనా చెబుతోంది. తన గొంతు ఎక్కడి నుంచో వస్తున్నట్టుంది. వింటున్నది మాత్రం వేరే మాట. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి. ఏడాదిగా తెర మీద ఎంతోమంది మాట్లాడారు, రెండేళ్ళుగా వార్డులో ఎంతోమంది సీనియర్ల వెనక నడిచింది, ఈ మాట ఎక్కడైనా విన్నదా? పేలిక తెగింది. పెంకు చిట్లింది. ఎండిన పిండి ఒళ్ళో రాలింది. రోజా ఊపిరి బిగబట్టి, వంట్లోకి నొప్పి వస్తుందేమోనని చూసుకుంటున్నట్టు, తన చేతినే ఒకసారి తిప్పి చూసుకుంది. ఏమీ కాలేదు. నవ్వింది.

వేదాయపాళెం. సబీనా చెయ్యి ఒళ్ళో ఉంది, బద్దల అచ్చులు పడి, పాలిపోయి, ఉతికి పిండిన బట్టలా. మొదట ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చాలాసేపు ఉంది. ఆలస్యమైందా? అప్పుడు చూపుడువేలి కొసలో ఒక చీమ. దాని వెనక ఇంకోటి. తర్వాత ఒక పుట్ట పగిలినట్టు తిమ్మిరి, మంట, నొప్పి, ఎంత నొప్పంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఇది మంచి నొప్పి అని జూనియర్లకు చెబుతుంది తను. మంచి నొప్పి ఇంత చెడ్డగా ఉంటుందని ఏ పేషెంటూ చెప్పలేదు, లేక చెబితే విననేలేదో. పాత కట్టులో నుంచి రెండు బద్దలు ఏరి, అరచేతి కింద వదులుగా పెట్టి, రోజా చేత చున్నీతో చుట్టించుకుంది. ఎముక విరిగిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలో కూడా తెలియదు. నిషేధించండి అంటే మగ్దలీనమ్మ ఒప్పుకుంటుందా? వద్దు అంటే ఒప్పుకుంటుందా? ఆమె అడిగింది కట్టేవాళ్ళ గురించి కాదే. విప్పే మనిషి కావాలంది.

నెల్లూరులో బండి నెమ్మదిస్తుండగా ఫోను మోగింది.

"లైను కట్టయిపోయింది మే. తాత కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండాడు. చెయ్యెట్టుండాది?"

"బాగుందమ్మా. విప్పినాం."

ఒట్టు వాళ్ళిద్దరి మధ్య కాసేపు నిలబడింది. తర్వాత అమ్మ అడిగింది, "ఎవురు ఇప్పింది?"

రోజా సంచులు వాకిలి దగ్గరికి ఈడుస్తూ, వెనక్కి తిరిగి, నా పేరు చెప్పు అన్నట్టు గుండె మీద వేలు పెట్టుకుంది.

"నేనే అమ్మా" అంది సబీనా. "తాత అడిగితే నా పేరు చెప్పు."

దిగింది. చేతిలో ఇంకా చీమలు పాకుతూనే ఉన్నాయి.